ఆబిద్ హసన్ సఫ్రానీగారి జీవితచరిత్రము

గెలిచిన సేనాపతుల జీవితములు మన పాఠ్యపుస్తకములలో పెక్కు కలవు. ఓడిన సేనలో పనిచేసి, ఆ ఓటమి పిమ్మట నలువది యేండ్లు బ్రదికినవారి చరిత్రములు మాత్రము బహు స్వల్పము. గెలిచినవానికి తన కొలువును గూర్చి చెప్పుకొనుట సులభము. ఓడినవానిని జీవితాంతము కొన్ని ప్రశ్నలు వెన్నాడుచుండును. తాను చేసినది వ్యర్థమా? అది తప్పా? తప్పే యైనచో తనతో నడచి అడవిలో ప్రాణములు విడిచినవారి మాట యేమి? ఈ ప్రశ్నలను మోసికొనుచు, గొప్పలు చెప్పుకొనక, సిగ్గుతో తల దాచుకొనక, గౌరవముగా బ్రదికిన యొక హైదరాబాదు నివాసి జీవితమును ఈ సంచికలో మన విద్యార్థుల ముందుంచుచున్నాము. ఆయన పేరు ఆబిద్ హసన్ సఫ్రానీ.

ఆయన 1911 వ సంవత్సరమున నిజాము ప్రభువుల రాజధానియగు హైదరాబాదు నగరమున ఒక మహమ్మదీయ కుటుంబమున జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లి ఫక్రుల్ హాజియాగారు స్వాతంత్ర్యోద్యమమునందు అభిమానము గల సాధ్వి. అన్నగారైన బద్రుల్ హసన్‌గారు గాంధీమహాత్ముని మార్గము నవలంబించి ఖద్దరు ధరించినవారు. సంస్థానములో పుట్టినను ఆ యింట దేశమంతటిని గూర్చిన ఆలోచన కలదు. యువకుడైన హసన్‌గారు ఇంజనీరింగు విద్య నభ్యసించుటకై జర్మనీ దేశమునకు పోయిరి. వారు అక్కడ నుండగనే 1939 వ సంవత్సరమున రెండవ ప్రపంచయుద్ధము మొదలయ్యెను.

1941 వ సంవత్సరము ఏప్రిల్ నెలలో సుభాష్ చంద్రబోసుగారు ఆంగ్ల ప్రభుత్వము కన్నుగప్పి బెర్లిను చేరిరి. హసన్‌గారు ఆయనను దర్శించి, ఆయన పిలుపు విని, ఆయన కార్యదర్శిగా చేరిపోయిరి. చదువు ముగించి వచ్చెదనని హసన్‌గారు మొదట చెప్పిరనియు, చిన్న పనులను ముగించుకొనుటకై ఆగువాడు పెద్ద పని చేయజాలడని నేతాజీ బదులు చెప్పిరనియు చెప్పుదురు. బడిపంతుళ్లమైన మేము ఎవ్వరికిని చదువు మానుమని చెప్పజాలము. ఐనను ఆ యువకుడు తన పట్టమును, భావి జీతమును, సుఖమును ఒక్కనాటిలో విడిచిన సంగతిని మఱుగుపరచుటయు మాకు న్యాయము కాదు.

ఆ కాలమున ఉత్తరాఫ్రికా యుద్ధభూమిలో చిక్కిన భారతీయ సిపాయిలు వేలకొలదిగా జర్మనులచేతను ఇటాలియనులచేతను ఖైదీలైయుండిరి. వారిలోనుండి ఒక స్వాతంత్ర్యసేనను నిర్మింపవలెనని నేతాజీ సంకల్పము. హసన్‌గారు ఖైదీల శిబిరములకు పోయి వారితో మాటలాడిరి. ఆ పని బహు కష్టము. ఆ సిపాయిలు ఆంగ్లరాజునకు ప్రమాణము చేసి ఆయన ఉప్పు తిన్నవారు. దేశము పెద్దదా, చేసిన ప్రమాణము పెద్దదా యని వారి మనస్సులు కొట్టుకొనుచుండెను. పలువురు రాలేదు. వచ్చినవారు వచ్చిరి. హసన్‌గారు మాత్రము ఎన్నడును ఆంగ్లరాజు సిపాయి కానందున ఆయనకు త్రెంచుకొనవలసిన ప్రమాణ మేదియు లేదు. ఈ భేదమును విద్యార్థులు గమనింపవలెను. ఒకే సేనలో నిలిచినవారందఱు ఒకే మూల్యము చెల్లించినవారు కారు.

ఆంగ్లేయుల కొలువులో ఉన్న భారతసైన్యమున సిక్కులను, పఠానులను, రాజపుత్రులను వేఱువేఱు కంపెనీలుగా నుంచు ఆచారము విరివిగా నుండెను. క్రొత్త సేనలో వారినందఱిని ఒకే పటాలమున కలిపిరి. అంతవఱకు ఒక్కొక్కరు తమతమ మతాచారముల ప్రకారము వేఱువేఱుగా నమస్కరించుకొనుచుండగా, అందఱికిని చెల్లునట్టి వందనమొకటి కావలసివచ్చెను. జైహింద్ అను వందనము అప్పుడు హసన్‌గారు కల్పించినదే యని ప్రసిద్ధి. నేడు మన పాఠశాలలో జెండా క్రింద నిలిచి పలుకు ఆ రెండు మాటల వెనుక ఒక హైదరాబాదు విద్యార్థి యున్నాడని చాలమందికి తెలియదు.

ఆయన పేరునకు సఫ్రానీ యను మాట చేరుటకును ఒక కారణము చెప్పుదురు. జెండాలో ఏ రంగుండవలెనను చర్చ సిపాయిలలో పుట్టెను. హిందువులు కాషాయమును, మహమ్మదీయులు ఆకుపచ్చను కోరిరి. కొంత వాదము జరిగిన పిమ్మట హిందూ సిపాయిలు తమ పట్టు విడిచిరి. తోడివారి మనస్సు నొవ్వకుండుటకై వారు చేసిన యీ పనికి హసన్‌గారి హృదయము కరిగెను. వారు విడిచిన కాషాయవర్ణమును ఆయన తన పేరులోనే ధరించి సఫ్రానీ అయ్యెను. సఫ్రాన్ అనగా కుంకుమపువ్వు. పోట్లాటలో గెలిచినవాడు ఓడినవాని గుర్తును తన పేరుగా చేసికొనుట లోకమున అరుదు గదా!

1943 వ సంవత్సరము ఫిబ్రవరి 9 వ తేదీన నేతాజీయు హసన్‌గారును జర్మనీలోని కీల్ రేవునుండి యు-180 అను జలాంతర్గామి నౌకలో తూర్పు ఆసియాకు బయలుదేరిరి. అంత ప్రయాణములో నేతాజీ వెంట నున్న భారతీయుడు హసన్‌గారొక్కరే. ఇరుకైన గదులు, నూనె వాసన, పగలంతయు నీటి క్రింద చీకటి. అట్టి చోట నేతాజీ ప్రసంగములను చెప్పుచుండగా హసన్‌గారు వ్రాసికొనుచుండిరి. ఏప్రిల్ నెలాఖరున మడగాస్కరు ద్వీపపు సముద్రప్రాంతమున ఐ-29 అను జపాను జలాంతర్గామి వారిని కలిసికొనెను. పెద్ద కెరటములు లేచుచుండగా ఒక చిన్న రబ్బరు తెప్పపై వారిరువురును ఒక నౌకనుండి మఱియొక నౌకకు మారిరి. మే నెలలో సుమత్రా ప్రక్కనున్న సబాంగు రేవు చేరిరి. ఈ ప్రయాణము మొత్తము ఇంచుమించు మూడు నెలలు.

1942 వ సంవత్సరము ఫిబ్రవరి 15 వ తేదీన సింగపూరు జపానువారికి లొంగినప్పుడు చిక్కిన భారతీయ సిపాయిలనుండి ఆజాద్ హింద్ ఫౌజు అప్పటికే ఒకమారు పుట్టి చెదరిపోయియుండెను. నేతాజీ 1943 జూలైలో సింగపూరు చేరి దానికి మరల ప్రాణము పోసిరి. మలయా రబ్బరు తోటల కూలీలును, అంగళ్లవారును, స్త్రీలును అందు చేరిరి. మలయాలోను బర్మాలోను తెలుగువారు తరతరములుగా పొట్టకూటికై పోయి నివసించుచుండిరి. రంగూను రేవులో మూటలు మోసినవారిలో మనవారు వేలమంది. కావున ఈ చరిత్రము మనకు దూరపు చుట్టరికము మాత్రమే కాదు. అక్టోబరు 21 వ తేదీన ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వమునకు గీతము కావలసివచ్చినప్పుడు, రవీంద్రనాథ టాగూరుగారి జనగణమనను ఆధారము చేసికొని హిందుస్తానీలో గీతమును కూర్చినవారిలో హసన్‌గారును ముంతాజ్ హుసేన్‌గారును ముఖ్యులు. రాంసింగుగారు దానికి బాణీ కట్టిరి.

1944 వ సంవత్సరము మార్చి నెలలో జపాను సేనలు బర్మానుండి ఇంఫాలు మీదికి కదలెను. వానితో ఆజాద్ హింద్ ఫౌజు దళములును కదలెను. హసన్‌గారు మేజరు హోదాతో ఆ యుద్ధరంగమున నుండిరి. ఏప్రిల్ 14 వ తేదీన లోక్తాక్ సరస్సు దగ్గఱనున్న మొయిరాంగులో ఫౌజువారు తమ జెండా నెత్తిరి. అంతటితో వారి భాగ్యము తిరుగబడెను. వర్షాకాలము వచ్చెను. దారులు బురదలో మునిగెను. బియ్యము రాలేదు, మందులు రాలేదు. ఆంగ్లేయుల విమానములు ఆకాశమును విడువలేదు. జూలై నెలలో వెనుకకు మరలుడని ఆజ్ఞ వచ్చెను. మలేరియాతోను విరేచనములతోను కృశించినవారు అడవి ఆకులు తినుచు, చెప్పులు లేని కాళ్లతో చిండ్విను నది వైపు నడచిరి. పోయినవారు సుమారు ఆఱువేలమందియని, తిరిగివచ్చినవారు సుమారు రెండువేల ఆఱువందలమందియని, తుపాకిగుండ్లకంటె ఆకలియు రోగమును ఎక్కువమందిని బలిగొనెనని లెక్కలు చెప్పుచున్నవి. కొందఱు శత్రువునకు లొంగిరి, కొందఱు పారిపోయిరి. హసన్‌గారు తమ వారితో నడచి వచ్చిరి.

1945 వ సంవత్సరము ఆగష్టులో జపాను లొంగెను. బాంకాకునుండి సైగాను వఱకు నేతాజీతో వచ్చిన కొలదిమందిలో హసన్‌గారొకరు. అచ్చట విమానములో చోటు తక్కువయ్యెను. నేతాజీతో హబీబుర్ రహమాన్‌గారికి మాత్రమే ప్రయాణము దొరికెను. తక్కినవారు ఆగిపోయిరి. ఆగష్టు 18 వ తేదీన తైహోకులో ఆ విమానము కూలినదను వార్త పిమ్మట తెలిసెను. హసన్‌గారు పట్టుబడి నిర్బంధింపబడిరి.

గెలిచినవారు ఫౌజు మనుష్యులను మూడు రంగులుగా విభజించిరి. తెలుపు అనగా ప్రభుభక్తులు. బూడిదరంగు అనగా మోసపోయినవారు. నలుపు అనగా ద్రోహులు. నల్లవారి జీతములు పోయెను, ఉద్యోగములు పోయెను. సింగపూరులో నేతాజీ పునాదిరాయి వేసిన అమరవీరుల స్మారకమును ఆంగ్లసేన తిరిగి రాగానే పగులగొట్టిరి. 1945 నవంబరులో ఢిల్లీ ఎఱ్ఱకోటలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ గారలపై విచారణ మొదలయ్యెను. ఒక మహమ్మదీయుడు, ఒక హిందువు, ఒక సిక్కు ఒకే బోనులో నిలిచిరి. దేశమంతయు కలవరపడెను. 1946 జనవరిలో వారు విడుదలైరి. కాలక్రమమున హసన్‌గారును విడుదలైరి. ఐనను స్వతంత్ర భారతసైన్యము సైతము ఫౌజువారిని తిరిగి చేర్చుకొనలేదు. వీథులలో పూలదండలు, సైన్యపు గేటు దగ్గఱ మూసిన తలుపు. ఇది వారి స్థితి.

ఇక్కడ మేము ఒక కఠినమైన సంగతిని దాచిపెట్టక చెప్పవలెను. ఫౌజు పట్టిన చేయి శుభ్రమైన చేయి కాదు. జర్మనీలోని భారతీయ దళమువారు చేసిన ప్రమాణమున నేతాజీ పేరుతోపాటు హిట్లరు పేరును ఉండెను. ఆ హిట్లరు లక్షలకొలది యూదులను చంపించినవాడు. హసన్‌గారు ఆ దేశము విడిచిన పిమ్మట 1944 లో ఆ దళమును ఎస్.ఎస్. సేనలోనే కలిపివేసిరి. తూర్పున జపానువారు 1942 మొదలు 1943 వఱకు సయాము బర్మాల నడుమ రైలుమార్గము వేయుటకు మలయా తోటలనుండి అరవ, తెలుగు కూలీలను తఱుముకొనిపోయిరి. కలరాచేతను ఆకలిచేతను అక్కడ వేలకొలది మన కూలిజనము నశించిరి. ఒక ప్రక్క మన స్వాతంత్ర్యమునకు తోడు నిలిచెదమని చెప్పినవారే మఱియొక ప్రక్క మన బీదలను చంపిరి.

మన ప్రత్తిపాడు ప్రాంతపు నల్లరేగడి రైతునకు ఈ సంకటము తెలియనిది కాదు. విత్తుటకు పదును దాటిపోవుచుండగా, ఇంట గింజలు లేనప్పుడు, దుర్మార్గుడని తెలిసియు ఆ సాహుకారు గుమ్మము నెక్కుచున్నాడు. ప్రత్తియో మిరపయో పండినచో లోకము ఆ పత్రమును మఱచును. తుపానులో పైరు పోయినచో పత్రము మిగులును. రైతు ప్రొద్దెక్కకముందే లేచి చేసిన కష్టము నిజమే, అప్పిచ్చినవాని దుష్టత్వమును నిజమే. ఒకటి చెప్పి మఱియొకటి దాచుట సత్యము కాదు. ఫౌజు విషయమునను ఇంతే.

ఇంకొక సంగతి. ఇంఫాలు కొండలలో ఫౌజువారికి ఎదురుగా నిలిచినవారిలో అధిక సంఖ్యాకులు భారతీయ సిపాయిలే. మద్రాసు శాపర్లలోను మఱి యితర పటాలములలోను మన తెలుగు యువకులు బర్మా యుద్ధమునకు పోయిరి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమువంటి గ్రామములు ఇంటింట సిపాయిల నిచ్చి పేరుగన్నవి. వారు కూలికమ్ముడుపోయినవారని నిందించుట తగదు. వారును ఇల్లు నిలువబెట్టుటకై, ఇచ్చిన మాట నిలుపుకొనుటకై, కొందఱు హిట్లరు దుర్మార్గమును ఎదిరించుటకై పోరాడిరి. ఒకే దేశపు బిడ్డలు ఒకే కొండకు రెండు ప్రక్కల నిలిచిరి. ఇరుప్రక్కల తల్లులును ఒకే రీతిని ఉత్తరములకై ఎదురుచూచిరి.

ఇక హసన్‌గారు తమ కొలువును ఎట్లు చూచిరి? తరువాతి కాలమున ఆయన ఇంఫాలునుండి మరలినవారిని గూర్చి ఆంగ్లమున ఒక వ్యాసము వ్రాసిరి. అందు ఆయన ఓటమిని గెలుపుగా మార్చి చూపలేదు. తన పటాలము అసాధారణమైనదని చెప్పుకొనలేదు. అది సామాన్యమైనదగుటయే తనకు గర్వకారణమని భావించిరి. బలూచీలు, అస్సామీలు, కాశ్మీరీలు, మలయాళులు, పఠానులు, సిక్కులు, గుజరాతీలు ఒకే చిన్న దళమున కలిసిమెలిసి యుండుటను ఆయన జ్ఞాపకము చేసికొనిరి. వారి భాషలు వేఱు, ప్రార్థనలు వేఱు, సంకల్ప మొక్కటి. నడువలేనివాడు నడువలేనివానికి ఊతయైన యా తిరోగమనమునందే ఆయనకు తాము కోరిన భారతదేశము కనబడెను. ఇంఫాలు చిక్కలేదు. ఐనను ఆ అడవిదారిలో కలిసి నడచిన స్నేహమును ఏ తీర్పును వారినుండి తీసివేయలేకపోయెను.

ఇది మాకు ఆలోచింపదగిన సంగతిగా తోచుచున్నది. ఓడిన సేనల వృద్ధ సిపాయిలలో కొందఱు తమ పక్షమునకు మచ్చయే లేదని వాదింతురు. కొందఱు బిడ్డలకైనను చెప్పక మౌనమున కృశింతురు. మొదటివారు సత్యమును పోగొట్టుకొందురు, రెండవవారు చనిపోయిన స్నేహితులను పోగొట్టుకొందురు. హసన్‌గారు ఈ రెండు మార్గములను విడిచి, ఆ స్నేహమునందు తాము నేర్చిన దానిని మిగిలిన జీవితమున ఆచరించుటకు పూనుకొనిరి.

1947 లో దేశము మతము పేర చీలినప్పుడు, కాషాయవర్ణమును పేరున ధరించిన ఈ మహమ్మదీయుడు భారతదేశమునే తన దేశముగా ఎన్నుకొనెను. సైన్యపు తలుపు మూసినను విదేశాంగశాఖ తలుపు తెఱచుకొనెను. ఆయన పలు దేశములలో మన ప్రభుత్వము పక్షమున పనిచేసి, డెన్మార్కు దేశమున రాయబారియైరి. ఒకనాడు శత్రువుల కంటబడకుండ నీటి క్రింద ప్రయాణించినవాడు స్వతంత్రదేశపు జెండా ముందర తల యెత్తి నిలిచెను. 1969 లో విశ్రాంతి పొంది హైదరాబాదు చేరి, 1984 వ సంవత్సరమున అక్కడనే మరణించిరి. చేనేత కళను పోషించి పేరుగన్న ఆయన అన్నకుమార్తె సురయ్యా హసన్ బోసుగారు ఆ నగరమున ఒక పాఠశాలను స్థాపించి దానికి సఫ్రానీగారి పేరు పెట్టిరి. ఒక సిపాయికి శిలాస్తంభముకంటె బడి మంచి స్మారకమని మా అభిప్రాయము. ఇది బడిపంతుళ్ల పక్షపాతమని యెవరైన అన్నచో కాదనము.

ఫౌజునకు గౌరవము మెల్లగా వచ్చెను. 1972 లో మొదలైన స్వాతంత్ర్యసమరయోధుల పింఛను ఫౌజువారికిని దక్కెను. సింగపూరులో పగులగొట్టిన స్మారకపు చోట 1995 లో గుర్తురాయి నిలిపిరి. 2019 గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులో తొంబదియేండ్లు దాటిన నలుగురు ఫౌజువారు మొదటిసారి పాల్గొనిరి. హసన్‌గారు ఆ దినమును చూడలేదు. తమ సేనకు గౌరవము వచ్చువఱకు మంచి పని మానుకొని కూర్చుండనందువలన, అది చూడకపోయినను ఆయన జీవితమునకు లోటు కలుగలేదు.

ప్రియ విద్యార్థులారా, సౌలురాజు గిల్బోవ పర్వతముమీద ఓడి మరణించిన వృత్తాంతమును మీరు వేదపాఠపు తరగతిలో చదివితిరి. సౌలు చేసిన తప్పులను ఆ గ్రంథము దాచలేదు. ఐనను అతడొకనాడు తమ్మును రక్షించెనను కృతజ్ఞతతో యాబేష్గిలాదువారు రాత్రియంతయు నడచి, శత్రువుల గోడనుండి అతని దేహమును దింపి తెచ్చి గౌరవించిరి. సౌలుచేత తఱుమబడిన దావీదే అతనికై విలపించెను. తప్పును తప్పని చెప్పుటయు, చనిపోయినవానిని గౌరవించుటయు ఒకే హృదయమున ఇముడునని దానివలన నేర్చుకొనవలెను.

మీ గ్రామములలో ఏ పక్షపు వృద్ధ సిపాయియైనను, లేక అట్టివాని బిడ్డలైనను ఉన్నచో, గెలిచితిరా ఓడితిరా యని మొదట అడుగకుడు. ప్రక్కన నడచినవారెవరు, వారి ఊళ్లెక్కడ, వారిలో తిరిగి రానివారి పేళ్లేమి యని యడుగుడు. వారు చెప్పునది శ్రద్ధగా విని వ్రాసియుంచుడు. ఆ పేళ్లు ఏ చరిత్రగ్రంథమునను దొరకవు.